పని పోయిన తేదీ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పేటప్పుడు అది బాగానే పనికొచ్చింది. బస్తీ కమ్యూనిటీ హాల్లో సహాయ కేంద్రం బల్ల ముందు కూర్చున్నాక మాత్రం దాంతో నానా తంటాలు పడ్డాను. రెండు వేల ఇరవై, సెప్టెంబరు నెల. నాంపల్లిలో మా ప్రైవేటు బడి మూతపడి ఆరు నెలలైంది. పొద్దున్నే ఫోన్లో తొమ్మిదో తరగతి పాఠం ముగించుకుని, పది గంటలకల్లా మాస్కు కట్టుకుని హాలుకు వెళ్ళేదాన్ని. "నర్మద టీచరుకు కాగితాలు చదవడం వచ్చు" అని బస్తీ పెద్దలు నన్నక్కడ కూర్చోబెట్టారు. చదవడం వచ్చు, నిజమే. అర్థం చేసుకోవడమే నా వల్ల కాలేదు.

ఒక కాగితంలో జ్వరమొచ్చినవాళ్ళు పద్నాలుగు రోజులు విడిగా ఉండాలని ఉండేది. ఇంకోదాంట్లో పదిహేడు. వాట్సాప్‌లో వచ్చినదాంట్లో పది. "ఇంతకీ ఎన్ని దినాలు టీచరమ్మా?" అని ఎవరైనా అడిగితే, వాటిలో ఏది కొత్తదో వెతికి, దొరక్కపోతే అడిగినవాళ్ళ మీదే విసుక్కునేదాన్ని. పని పోయినవాళ్ళకు సాయం సంగతి ఇంకా గందరగోళం. బీమా కార్డు ఉంటే ఒక దారి, లేకపోతే ఇంకో దారి, రెండు దారులూ ఎక్కడికి పోతాయో చెప్పేవాళ్ళు లేరు. సాయంత్రానికి తల ప్రాణం తోకకొచ్చేది.

అట్లాంటి ఒక రోజు సదాశివ గారు వచ్చారు. యాభై మూడేళ్ళ మనిషి, మడత నలగని ఇస్త్రీ చొక్కా. ఆబిడ్స్‌లో ఒక బట్టల షాపులో ప్యాంటు గుడ్డల కౌంటర్ దగ్గర ఇరవై ఏడేళ్ళు నిలబడి పనిచేశారు. వరుసలో ముందుకొచ్చి, చేతులు కట్టుకుని మెల్లగా అడిగారు.

"ఈఎస్‌ఐ ఉన్నోళ్ళకు పని పోతే మూడు నెలలు సగం జీతం ఇస్తరంట గదా మేడం. గా పైసలు ఎట్ల తీసుకోవాలె?"

అబ్బ, ఇది నాకు తెలిసిన సంగతే అని హాయిగా ఫారం తీశాను. "పని పోయిన తేదీ చెప్పండి."

ఆయన వెనకున్నవాళ్ళను ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "పని పోలే మేడం."

"మరి చేస్తున్నారా?"

"చేస్తలేను."

"మానేశారా?"

"నేనెందుకు మానేస్త?"

"అయితే తీసేశారు."

"అయ్యో, గట్లనకున్రి. మా సారు బంగారం లాంటి మనిషి."

కలం కింద పెట్టేశాను. ఉద్యోగం ఉన్నదీ లేనిదీ తెలియని మనిషికి ఏ గడిలో ఏం రాయాలో ఏ కాగితంలోనూ లేదు.

విషయం ఏమిటంటే, లాక్‌డౌన్ సడలించాక షాపు తెరిచారు. నలుగురు సేల్స్‌మన్లను పిలిచారు, ఈయన్ను పిలవలేదు. యజమాని మల్లేశ్వరరావు గారు షాపు మూసి ఉన్న రెండు నెలలకు జీతం పంపారు, ఆ తర్వాత లేదు. ప్రతి సోమవారం సదాశివ గారు షాపుకు వెళ్తారు. మల్లేశ్వరరావు గారు టీ తెప్పిస్తారు, ఇంట్లో అందరి ఆరోగ్యం అడుగుతారు, "బేరాలు పుంజుకోనీ సదాశివా, ఓ నాలుగు రోజులాగి రా" అంటారు. ఆ నాలుగు రోజులు నాలుగు నెలలైనాయి. మధ్యలో సుల్తాన్ బజార్‌లో ఒక షాపువాళ్ళు రమ్మన్నా ఈయన పోలేదు. "రేపు సారు పిలుస్తె నేను లేకుంటె ఏమనుకుంటడు మేడం?" అన్నారు. ఇంటావిడ కమల గారు మాత్రం, ఇంటి కిరాయి అడగడానికొచ్చినవాళ్ళకు ఏం చెప్పాలో కనుక్కుని రమ్మని ఆయన్ను మా దగ్గరికి తరిమారట.

"తేదీ వేస్తే ఆఫీసువాళ్ళు మీ యజమానిని అడుగుతారు. ఆయనేమో 'మావాడే, తీసెయ్యలేదు' అంటారు. మీ దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ముందు ఆయన్ని అడిగి, ఉందో లేదో తేల్చుకుని రండి" అన్నాను.

తలూపి వెళ్ళారు. మర్నాడు వచ్చారు కానీ తేల్చుకుని కాదు. వచ్చి, మేము పంచే కాగితాల కట్ట ముందేసుకుని మడవడం మొదలుపెట్టారు. వద్దని ఎవరూ అనలేదు. అంచుకు అంచు సరిగ్గా కలిపి, బొటనవేలితో ఒక్క గీత గీసి మడిచేవారు. ఆ తర్వాత వరుస చూసుకోవడం కూడా ఆయన చేతిలోకే పోయింది. నేను కసురుకుంటే ఏడుపు మొహంతో పోయే జనం ఆయనతో రెండు మాటలు మాట్లాడి నవ్వుకుంటూ పోయేవారు. నాకు కాస్త ఈర్ష్య కలిగింది, కాస్త ప్రాణం కుదుటపడింది కూడా.

కిష్టవ్వ సంగతితో నా కళ్ళు తెరుచుకున్నాయి. స్టేషన్ దగ్గరి లాడ్జిలో గదులు తుడిచేది ఆమె. లాడ్జి మూసేశాక ఒంటరిగా ఒక గదిలో ఉంటోంది. దగ్గుతో వచ్చింది, కరోనా పరీక్ష చేయించుకోవాలి. హాలు పక్కనున్న ఆరోగ్య కేంద్రంలో కిట్లు అయిపోయాయి, మళ్ళీ ఎప్పుడొస్తాయో తెలియదని అక్కడి నర్సు ఆ పొద్దునే సదాశివ గారికి చెప్పింది. ఆయన కిష్టవ్వతో "రేపు పొద్దుగాల రా అవ్వా, నీ పేరు ముంగటనే పెడత" అన్నారు. ఆమె వెళ్ళి మర్నాడు వచ్చింది. "జర ఓపిక పట్టు అవ్వా, రేపు పక్కా" అన్నారు. మూడో రోజూ అదే మాట. నాలుగో రోజు పక్కింటావిడ ఆమెను ఆటోలో తీసుకొచ్చింది. కిష్టవ్వ మాట పలకలేకపోతోంది, పెదవులు నల్లబడ్డాయి. అంబులెన్సుకు ఫోన్ చేసి, అది వచ్చేదాకా నేనూ ఆ పక్కింటావిడా రోడ్డు మీదే నిలబడ్డాం. దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు. ఆమె పన్నెండు రోజులకు ఇంటికొచ్చింది కానీ, ఆ వేళ బతుకుతుందో లేదో మాకెవరికీ తెలియదు.

హాల్లోకి వచ్చి సదాశివ గారి మీద విరుచుకుపడ్డాను. "లేవని చెప్పలేకపోయారా? లేవని చెప్పుంటే ఆమె అఫ్జల్‌గంజ్ వైపున్న కేంద్రానికి పోయేది! అక్కడ కిట్లు ఉన్నాయి! మూడు రోజులు తిప్పుతారా ముసలిదాన్ని?"

ఆయన చేతిలో మడిచిన కాగితం అట్లాగే ఉండిపోయింది. "నోరు రాలే మేడం. ఇరవై ఏడేండ్లల్ల కౌంటర్ మీద ఒక్కపాలి గూడ లేదనలే. సారు మొదటి దినమే చెప్పిండు. గిరాకి ఏ రంగు అడిగినా లేదనద్దు, రేపొస్తది అనాలె అని. లేదంటె గిరాకి పోతడు."

"పోవాలి కదండీ! ఇంకోచోట దొరుకుతుంటే పోనివ్వాలి కదా!"

ఆయన కుర్చీలో కూలబడి, మడిచిన కాగితాన్ని విప్పి మళ్ళీ మడిచారు. వరుసలో జనం మాస్కులు సవరించుకుంటూ మమ్మల్నే చూస్తున్నారు. చివరికి తలెత్తి, నిజంగా తెలియకే అడుగుతున్నట్టు అడిగారు. "మేడం, నాక్కూడ సారు చెప్పేది గదేనా?"

నా కోపమంతా ఎటుపోయిందో. అవునని చెప్పడానికి ఆ క్షణంలో నాకూ నోరు రాలేదు. ఇందాకటి నా అరుపులకు సిగ్గేసింది.

మర్నాడు హాలు ఇంకొకరికి అప్పగించి ఆయనతో ఆబిడ్స్ బయల్దేరాను. నేనెందుకు వెళ్తున్నానో నాకే సరిగ్గా తెలియదు. ఆయనొక్కరే వెళ్తే టీ తాగి వచ్చేస్తారని భయం, అంతే. దారంతా ఆయన "సారుకు పానం బాగలేదేమో", "ఇయ్యాల గిరాకి ఉందేమో, ఇంకో దినం పోదామా" అంటూనే ఉన్నారు. రెండుసార్లు ఆగిపోతే రెండుసార్లూ నడిపించాను. ఒక దశలో నాకే అనుమానం వచ్చింది. ఉద్యోగం ఉందేమో అన్న ఆశతో నాలుగు నెలలు బతికిన మనిషిని, ఆ ఆశ కూడా తీసెయ్యడానికి తీసుకుపోతున్నానేమో. అది సాయమో పాపమో తేల్చుకోలేకపోయాను.

షాపులో కొనేవాళ్ళు ఒక్కరూ లేరు. గుమ్మంలో శానిటైజర్ సీసా, లోపల ముగ్గురే సేల్స్‌మన్లు. సదాశివ గారి కౌంటర్ మీద గుడ్డల తానులకు బదులు మాస్కులు, చేతి తొడుగుల పెట్టెలు పేర్చి ఉన్నాయి. ఆయన వంకరగా ఉన్న ఒక పెట్టెను సరిచేశారు. మల్లేశ్వరరావు గారు మమ్మల్ని చూసి లేచి వచ్చారు. మా నాన్నగారి వైపువాళ్ళలాగే ఆయనదీ కోస్తా మాటతీరు. నేను విషయం చెప్పాను.

"ఏంటమ్మా మీరనేది? సదాశివ మావాడు. పని లేదని నేనెట్లా అంటాను? నాలుగు రోజులాగమనండి, దసరా బేరాలు వస్తాయి కదా" అన్నారు. అబద్ధం చెప్తున్నట్టు లేదు. ఆయన కూడా అది నమ్ముతున్నారేమో అనిపించింది. ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు.

అప్పుడు సదాశివ గారు నోరు విప్పారు. "సార్, మా బస్తీల ఒక అవ్వను మూడు దినాలు రేపు రా, రేపు రా అని తిప్పిన. నన్ను నమ్మి రోజూ వచ్చింది. ఇప్పుడు దవాఖానల ఉంది. నేను మిమ్మల్ని నమ్మిన సార్. మీరు ఇచ్చినా ఇయ్యకున్నా మీ మీద నాకు కోపం లేదు. నాకు పని ఉన్నదా, లేదా? గదొక్కటి చెప్పున్రి."

మల్లేశ్వరరావు గారు మాస్కు కిందికి లాగి, మళ్ళీ పైకి పెట్టుకున్నారు. సేల్స్‌మన్లు చేతిలో పని ఆపేశారు. ఎవరికీ వినపడకూడదన్నట్టు అన్నారు.

"లేదయ్యా."

అంటూనే మల్లేశ్వరరావు గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఈఎస్‌ఐ వాళ్ళు ఫోన్ చేస్తే అదే చెప్తాను. ఏ తేదీ కావాలంటే ఆ తేదీ వేసుకో" అన్నారు. నేను సంచిలోంచి ఫారం తీసిచ్చాను. సదాశివ గారు నిలబడే, మాస్కుల పెట్టె మీద పెట్టుకుని తేదీ రాశారు. షాపు మూసిన మార్చి తేదీ కాదు, ఆ రోజుదే. నాకు ఏడుపొచ్చి, గోడ మీది గడియారం చూస్తున్నట్టు అటు తిరిగాను.

మల్లేశ్వరరావు గారు కొనేవాళ్ళు కూర్చునే స్టూలు ఒకటి తన చేతులతో లాగి ఆయన ముందు వేశారు. లోపలికి తిరిగి, "సారుకు మంచినీళ్ళు తీసుకురండి" అన్నారు.

సారు ఎవరా అని సదాశివ గారు వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశారు.