లోచ్ చేపలతో ఎల్లారెడ్డికి

నడుము నొప్పితో మస్కట్ నుంచి తిరిగొచ్చిన ఏడాది మా ఆయన ఇంట్లో చేపల తొట్టి పెట్టాడు. అప్పుడు మేం కామారెడ్డిలో అద్దెకుండేవాళ్లం. నేను ఎల్లారెడ్డి సర్కారు దవాఖానలో నర్సును. పొద్దున్నే బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయ్యేది. చెప్పులు విడిస్తే పాదాల మీద పట్టీల అచ్చులు దిగి ఉండేవి. ఇంట్లో ఆయన, మా అత్తమ్మ. ఆమె లింగంపేటలో పెళ్లయిన నాటి నుంచీ బీడీలు చుట్టిన మనిషి. వేళ్ల కీళ్లు పట్టేసి ఆకు మడవడం చేతగాక మా దగ్గరికి వచ్చేసింది.

పని లేని ఇద్దరు మనుషులు రోజంతా ఒక గదిలో కూర్చుంటే ఎలా ఉంటుందో సాయంత్రం తలుపు తీయగానే తెలిసేది. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాడు. అత్తమ్మ టీవీ పెట్టుకుని దాన్ని చూడకుండా కూర్చునేది. పన్నెండేళ్లు ఎడారి రోడ్ల మీద పెద్ద బండి తోలినవాడికి ఇంట్లో మాట్లాడ్డానికి ఏమీ దొరకలేదు. అలాంటి సమయంలోనే ఒకరోజు ఆటోలో తొట్టి దించుకున్నాడు.

మొదట గోల్డ్‌ఫిష్ వేశాడు. తొట్టిలో నాటిన మొక్కలతోపాటు నత్తల గుడ్లు కూడా వచ్చినట్టున్నాయి, నెల తిరక్కముందే అద్దం నిండా చిన్న చిన్న నత్తలు. చేపల కొట్టువాడు గోల్డ్‌ఫిష్‌ను తిరిగి తీసుకుని, నత్తల్ని తినే చేపలని చెప్పి అరడజను లోచ్‌లను ఇచ్చాడు. వేలెడు పొడవు, వెండి రంగు ఒంటి మీద నల్లటి గీతలు, మూతి కింద సన్నటి మీసాలు.

అత్తమ్మ దగ్గరికొచ్చి చూసింది. "ఏంది బిడ్డా గివి? పాముపిల్లల లెక్కున్నయి," అంది.

"చాపలే అమ్మా," అన్నాడు ఆయన. "మన దేశపు నదులల్ల ఉండేటివేనట."

అవి ఒక్క క్షణం నిలిచేవి కావు. అద్దం వెంట కిందినుంచి పైకి, పైనుంచి కిందికి ఒకదాని వెనుక ఒకటి ఉరికేవి. ఇసుకలో మూతి దూర్చి వెతికేవి. తినేటప్పుడు టిక్కు టిక్కుమని చప్పుడు చేసేవి. ఆ చప్పుడు అద్దం బయటికి కూడా వినబడేది. ఆయన ప్లాస్టిక్ పైపు ముక్కలు కోసి లోపల పెడితే, వేరే ముక్కలు ఖాళీగా ఉన్నా అన్నీ ఒక్కదాంట్లోనే ఇరుక్కుని పడుకునేవి. కొన్నాళ్లకు నత్తలు కనబడకుండా పోయాయి.

ఒక ఆదివారం బట్టలు ఆరేస్తుంటే అత్తమ్మ కేకేసింది. వెళ్లి చూస్తే ఒక లోచ్ ఇసుక మీద పక్కకు ఒరిగి కదలకుండా పడి ఉంది. మా ఆయన ముఖం పాలిపోయింది. చిన్న వల తెచ్చి నీళ్లలో పెట్టగానే అది చటుక్కున లేచి రాళ్ల సందులోకి పారిపోయింది. అవి పడుకునే తీరే అంతని తర్వాత తెలిసింది. ఆ రోజు ఆయన నవ్వాడు. మస్కట్ నుంచి వచ్చాక ఆయన నవ్వగా చూడడం అదే మొదలు. నేను తడిబట్టలు చేతిలో పట్టుకుని అక్కడే కాసేపు నిలబడ్డాను.

నడుము కాస్త కుదుటపడగానే పాత యజమాని నుంచి మళ్లీ పిలుపొచ్చింది. ఈసారి బండి తోలే పని కాదు, గోదాములో కూర్చునే పని. వద్దనడానికి నా దగ్గర కారణాలున్నాయి, కానీ చెప్పే ఓపిక లేదు. వెళ్లేముందు నీళ్లు ఎలా మార్చాలో నాకు చూపించాడు. నల్లా నీళ్లు బకెట్లో పట్టి ఒక దినం ఉంచాలి. తొట్టిలో పావు వంతు నీళ్లు పైపుతో లాగి, ఆ బకెట్ నీళ్లు పోయాలి. వారానికొకసారి తప్పనిసరి.

ఆ వారానికొకసారి ఎంత తొందరగా వచ్చేదో. వార్డులో రోజంతా నిలబడి, బస్సులో కూర్చునే జాగా దొరక్క కడ్డీ పట్టుకుని ఊగుతూ వచ్చి, వంట చేసి, బకెట్లు మోయాలి. ఎండాకాలంలో నీళ్లు వేడెక్కకుండా ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన సీసాలు తొట్టిలో వేయాలి. కరెంటు పోతే గాలి ఆడించే మోటారు ఆగుతుంది. మా అత్తమ్మకు బకెట్ ఎత్తే చేతులు లేవు. లోచ్‌లు మాత్రం తమకేమీ పట్టనట్టు అద్దం మీద ఎగబడి ఆడుకునేవి. వాటి హుషారు చూస్తే ఒక్కోసారి ఒళ్లు మండేది.

ఆయన వీడియో కాల్ చేసినప్పుడల్లా మొదటి మాట అదే.

"తొట్టి చూపియ్యి."

ఒక సాయంత్రం నేను తట్టుకోలేకపోయాను. "ముందుగాల నన్నడుగు. నేనెట్లున్ననో అడుగు," అన్నాను.

ఆయన వెనక ఇంకెవరిదో మంచం, తీగ మీద ఆరేసిన చొక్కాలు కనబడుతున్నాయి.

"నిన్నడిగితే బాగనే ఉన్న అంటవు," అన్నాడు. "ఎప్పుడడిగినా గదే మాట. నీళ్లు తేటగుంటే నీకు జరంత పుర్సత్ దొరికిందనుకుంట. మురికైతే నువ్వు బాగ అలసిపోయినవని సమజైతది. గందుకే అడుగుత."

నేను ఫోన్ తొట్టివైపు తిప్పాను. అద్దానికి పచ్చగా పాచి పట్టి ఉంది.

"చూసినవా," అన్నాడు మెల్లగా. "ఎల్లారెడ్డికి మారు. గంత దూరం తిరుగుడు నీతోని కాదు. చాపలను ఎవరికన్న ఇచ్చెయ్యి."

అత్తమ్మ పక్కనుంచి వింటోంది. "ఇచ్చుడేంది? నేను పొద్దంతా ఎవ్వరిని సూడాలె?" అంది.

ఎల్లారెడ్డిలో దవాఖానకు నడిచి వెళ్లే దూరంలో రెండు గదుల ఇల్లు దొరికింది. సామాను ట్రాలీ ఆటోలో పంపించాం. తొట్టి ఖాళీ చేస్తే ఐదు లోచ్‌లే దొరికాయి. ఇసుకంతా తోడాను, పైపులు దులిపాను, తొట్టి వెనక నేల మీద ఎండిపోయి పడిందేమోనని చీపురు పెట్టి వెతికాను. చివరికి అత్తమ్మ తొట్టి నీళ్లు వడకట్టే డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని, "లోపల ఏదో కొట్టుకుంటున్నది," అంది. మూత తీస్తే స్పాంజి కింద, బురద నీళ్లలో ముడుచుకుని ఉంది. ఎలా దూరిందో దానికే తెలియాలి.

ట్రాలీలో ఎండకు, కుదుపులకు తట్టుకోవని వాటిని మూతకు చిల్లులు పెట్టిన క్యాన్‌లో వేసుకుని బస్సెక్కాను. ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే కండక్టర్ టికెట్ కొడుతూ అడిగాడు.

"గిండ్ల ఏమున్నయక్కా?"

"చాపలు."

"కూరకా?"

"కాదన్నా, పెంచుకునేటివి."

కండక్టర్ వంగి చిల్లుల్లోంచి చూశాడు. "ఉన్నయా, పోయినయా?"

నాకూ అదే అనుమానం. క్యాన్ అడుగున అరచేయి పెట్టి కూర్చున్నాను. లింగంపేట దాటాక బస్సు గుంతల్లో ఎగిరెగిరి పడింది, నా చీర ముందుభాగం తడిసిపోయింది. పక్కన కూర్చున్న అత్తమ్మ వాళ్ల ఊరు వెనక్కి పోతున్నా కిటికీ వైపు తిరగలేదు. చిల్లుల మీద కన్ను పెట్టి, "ఒకటి మెదులుతున్నది, ఇంకొకటి మెదులుతున్నది," అని నాకు చెబుతూ వచ్చింది.

కొత్త ఇంట్లో బోరు నీళ్లు. కొంచెం కొంచెంగా అలవాటు చేసినా లోచ్‌లు పైపులోంచి బయటికి రాలేదు. మేత వేస్తే ముట్టలేదు. వాటి ఒంటి గీతలు వెలిసినట్టు పాలిపోయాయి. నాలుగో నాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఒకటి తేలి ఉంది. ఈసారి వల పెట్టినా లేవలేదు. అత్తమ్మ నేను వచ్చేదాకా తీయకుండా తొట్టి పక్కనే కూర్చుంది. పెరట్లో జామచెట్టు మొదట్లో గుంత తీసి పూడ్చాను. నాకు ఏడుపు రాలేదు. గోడ పట్టుకుని లేచాను.

ఆయనకు చెప్పాను. దాచబుద్ధి కాలేదు. "మిగిలినవి బతుకుతయి తియ్యి," అన్నాడు, కానీ ఆ తర్వాత ఫోన్ తొందరగా పెట్టేశాడు.

మిగిలిన ఐదూ బతికాయి. వారం పోయాక మేతకు బయటికి రావడం మొదలుపెట్టాయి, ఇంకొన్నాళ్లకు మళ్లీ అద్దం వెంట ఉరకసాగాయి. బస్సు బాధ తప్పింది కానీ అలసట తప్పలేదు. ఇల్లు దగ్గరే కదా అని మనిషి తక్కువైనప్పుడల్లా దవాఖాన నుంచి కబురొస్తోంది. నీళ్ల పని మాత్రం కొంత తేలికైంది. అత్తమ్మ చిన్న చెంబుతో, వంకరపోయిన వేళ్లతోనే, పొద్దంతా కొద్దికొద్దిగా నీళ్లు తోడి జామచెట్టుకు పోస్తోంది. నేను వచ్చి కొత్త నీళ్లు పోస్తే చాలు.

నిన్న సాయంత్రం బకెట్ పక్కన నేల మీదే కూలబడ్డాను. లేవాలనిపించలేదు. తొట్టిలో టిక్కు టిక్కుమంటూ అవి మేత తింటున్నాయి.

"జరసేపు కూసో బిడ్డా," అంది అత్తమ్మ. "బియ్యం నేను కడిగిన."

కూర్చున్నాను.