మునిగే ఓడ రీలు

ముత్తుకూరు టెంటు హాలుకు ఇంగ్లీషు సినిమా వచ్చిందంటే కథ నన్ను అడగండి, చూడకముందే చెప్తాను. కళ్ళజోడు ప్రొఫెసరు ముప్పు ముంచుకొస్తోందని మొత్తుకుంటాడు. టోపీ దొర నవ్వుతాడు. అంతే, ఆకాశంలోంచి చుక్కో, సముద్రంలోంచి రాకాసి బల్లో వచ్చిపడుతుంది, దొరకు తిక్క కుదురుతుంది. అందరినీ నవ్వించిన వంటవాడు మాత్రం తప్పకుండా పోతాడు, పాపం. భాష రాకపోతే నాకేం? ఆ దొర తిక్క కుదరడం చూడ్డానికే ఎగబడి వెళ్ళేదాన్ని.

పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం ఆటకు మా పాలెం ఆడవాళ్ళం కలిసి వెళ్ళాం. మగవాళ్ళు మధ్యాహ్నమే సముద్రం మీద చేపల వేటకు పోయారు, మా ఆయనతో సహా. అత్తను నేనే బతిమాలి తీసుకెళ్ళాను. మా మామను ఎప్పుడో సముద్రం మింగేసింది, శవం కూడా దొరకలేదు.

తెర మీద చుక్క రాలింది, సముద్రం పొంగింది, ఓడ ఒరిగింది. సరిగ్గా అప్పుడే బయట గాలి లేచి టెంటు గుడ్డ టపటపా కొట్టుకుంది. మగవాళ్ళు నీళ్ళ మీద ఉండగా మా పాలెంలో మునగడమనే మాటే ఎత్తరు. ఇక చూడాలి గోల!

"ఆపన్నా! మావోళ్ళు సముద్రంలో ఉండారు!" అని అందరికన్నా గట్టిగా అరిచింది అత్తే. ఆపరేటరు బెదిరిపోయి మిషను ఆపేశాడు.

మా ఆయన ఆ ఓడలోనే ఉన్నట్టనిపించింది. దిగ్గున లేచాను.

"ఏందత్తా నువ్వు? వ్రతకథ సగంలో లేసిపోతామా? ఈడ ఆపితే వాళ్ళు నీళ్ళల్లోనే ఉండిపోతారు. కడదాకా చూస్తేనే గదా గట్టెక్కేది! వెయ్యన్నా, నేను చెప్తా ఉండా!"

వ్రతకథ మాట కాదనలేక అందరూ కూర్చున్నారు. అత్త అక్షింతలు పట్టుకున్నట్టు గుప్పిట బిగించింది. రీలు తిరిగింది, ఓడ మునిగింది. ఆఖరికి, నేను చెప్పినట్టే, కొందరు ఒడ్డుకు ఈదుకొచ్చారు. ఒకటే ఈలలు! అత్త మాత్రం తెరంతా వెతుకుతోంది.

"ఆ వంటోడు రాలేదేందే?"

"ఉండత్తా, గాలి తగ్గిందిగా, ఇంటికి పోదాం" అన్నాను.

తెల్లారేసరికి పడవలన్నీ వచ్చేశాయి. మా ఆయన్ను చూసి అందరి ముందూ సిగ్గులేకుండా ఏడ్చాను. అత్త కొడుకు ఒళ్ళంతా తడిమి చూసుకుని, నా వైపు తిరిగింది.

"ఈ పొద్దు కూడా పోదాం పదమే. ఆ వంటోడు ఈసారన్నా వస్తాడేమో."

ఏ కథైనా ముందే చెప్పేసే నేను ఆ వంటవాడి సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు. వెళ్ళాం.