ఆదివారం ఆమెకీ, మంగళవారం అతనికీ

మాది దేశమంతా ఫోన్లూ, ఇంటర్నెట్టూ అమ్మే పెద్ద కంపెనీ. అందులో ఉద్యోగుల సంబంధాలు అని ఒక విభాగం ఉంది. విజయవాడ ఆఫీసులో ఆ విభాగమంటే నేనొక్కదాన్నే. ఉద్యోగికీ కంపెనీకీ పేచీ వస్తే తీర్చడం నా పని. చేరిన కొత్తలో, పోట్లాడుకునేవాళ్లకి సర్దిచెప్పడమే కదా అనుకున్నాను. అందరూ ఒక్క మాటమీద ఉన్నా తెగని పేచీలుంటాయని అప్పటికి నాకు తెలియదు.

పటమట షోరూములో కొత్త కనెక్షన్లు అమ్మే అమ్మాయి ఒకామె ఉండేది. రోజూ కంకిపాడు నుంచి బస్సులో వచ్చేది. ఆమెకి వారపు సెలవు మంగళవారం. పక్క కౌంటర్లో ఫిర్యాదులు చూసే అతనికి ఆదివారం. ఒకరోజు ఇద్దరూ కలిసే నా గదికి వచ్చారు.

"మా వీక్లీ ఆఫ్‌లు మార్చండి మేడమ్. నాది ఆయనకి, ఆయనది నాకు" అంది ఆ అమ్మాయి.

వాళ్ల ఊరి చర్చిలో కీబోర్డు వాయించేది ఆమె ఒక్కతేనట. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అక్కడ ఆదివారం పాటలు వాయిద్యం లేకుండానే సాగుతున్నాయి. ఇక అతని భార్య ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. ఆమెకి సెలవు మంగళవారం. ఆదివారం ఆమె డ్యూటీకి వెళ్తే ఇతను ఇంట్లో ఉంటాడు, మంగళవారం ఆమె ఇంట్లో ఉంటే ఇతను షోరూములో ఉంటాడు.

"మా పాప ఇద్దర్నీ ఒకేసారి చూసేది నిద్రపోయేటప్పుడేనండీ" అన్నాడతను.

నాకు నవ్వొచ్చింది. ఇంత తేలికైన పని నా దగ్గరికి ఎప్పుడూ రాలేదు. షోరూము మేనేజరుకి ఫోన్ చేస్తే, "నాకేం అభ్యంతరం లేదండీ. నేనే మారుద్దామని చూశాను. సిస్టమ్ తీసుకోవట్లేదు" అన్నాడు.

హెడ్డాఫీసుకి రాశాను. జవాబు రాలేదు. మళ్లీ రాశాను. చివరికి నా పైఅధికారి ఫోన్ చేసి, తెలివితక్కువ పిల్లకి చెప్పినట్టు విడమరిచి చెప్పాడు. సెలవు మనిషిది కాదట, పోస్టుదట. అమ్మకాల పోస్టుకి మంగళవారం, ఫిర్యాదుల పోస్టుకి ఆదివారం. దేశమంతా అంతేనట.

"సార్, ఇద్దరూ కావాలంటున్నారు. మేనేజరు సరేనంటున్నాడు. కౌంటర్లో మనిషి తగ్గడు. ఇందులో ఎవరికి నష్టం?" అన్నాను.

"నష్టమని కాదు. ఒక్కరికి ఇస్తే అందరూ అడుగుతారు" అన్నాడు.

అడిగితే ఏమవుతుందో మాత్రం చెప్పలేదు.

నేను ఆ మాట చేరవేసి ఊరుకున్నాను. వాళ్లు ఊరుకోలేదు. ఆదివారం ఆమె పాస్‌వర్డ్‌తో అతను కూర్చునేవాడు, మంగళవారం అతని పాస్‌వర్డ్‌తో ఆమె కూర్చునేది. మేనేజరు చూసీ చూడనట్టు ఉన్నాడు. కొన్ని నెలలపాటు షోరూము చక్కగా నడిచింది. చర్చిలో కీబోర్డు మోగింది. అతను భార్యనీ పాపనీ తీసుకుని భవానీ ఐలాండుకి పడవెక్కాడని కూడా విన్నాను.

అప్పుడు ఆడిట్ వాళ్లు కెమెరాలు చూశారు. ఫలానా ఉద్యోగిని ఐడీతో ప్రతి ఆదివారం మీసాలున్న వ్యక్తి ఒకరు సిమ్‌కార్డులు అమ్ముచున్నారు, తక్షణం విచారణ జరపగలరు అని నాకు ఉత్తర్వు వచ్చింది. అది చదివి నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. పాస్‌వర్డ్ పంచుకోవడమంటే మా కంపెనీలో ఉద్యోగం ఊడే నేరం.

విచారణలో ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టాను. అబద్ధమాడతారేమో, ఏదో ఒక సందు దొరుకుతుందేమోనని ఆశపడ్డాను.

"మేమే చేశామండీ" అన్నాడతను.

"తప్పని తెలియదామ్మా?" అని ఆమెని అడిగాను.

"తెలుసు మేడమ్. మిమ్మల్ని అడిగాకే కదా చేశాం. మీరు కాదన్నారు."

"నేను కాదనలేదు. కంపెనీ కాదంది."

"మాకు కంపెనీ అంటే మీరే కదండీ" అంది. కోపంగా కూడా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఆ వారమంతా పైవాళ్లతో ఫోన్లో వాదించాను. ఒక్క రూపాయి తేడా రాలేదని, ఒక్క కస్టమరూ ఫిర్యాదు చేయలేదని చెప్పినమాటే చెప్పాను. పాటమీద పాట వినిపించే హోల్డ్‌లో చెవి వేడెక్కేదాకా నిలబడ్డాను. చివరికి ఉద్యోగాలు నిలిచాయి. ఇద్దరికీ హెచ్చరిక ఇచ్చి, సెలవులు మాత్రం యథాతథం అన్నారు.

నాకు పంతం వచ్చింది. కంప్యూటరులో సెలవు మార్చే దారి లేదు గానీ, ఇంకో షోరూముకి బదిలీ చేసే దారి ఉంది. భవానీపురం షోరూములో ఆదివారం సెలవున్న ఫిర్యాదుల పోస్టు ఒకటి ఖాళీగా ఉంది. ఆ అమ్మాయిని అక్కడికి వేస్తే? అడిగితే వెంటనే ఒప్పుకుంది. పైనుంచి అనుమతి రెండో రోజుకే వచ్చింది. మనిషిని ఊరికి ఈ కొస నుంచి ఆ కొసకి విసిరేయడానికి ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు.

కంకిపాడు నుంచి బస్టాండుకి ఒక బస్సు, అక్కణ్ణుంచి భవానీపురానికి ఇంకో బస్సు. బెంజి సర్కిల్ దగ్గర ఇరుక్కుంటే సంగతి చెప్పనక్కర్లేదు. ఒకసారి ఆ షోరూముకి వెళ్లినప్పుడు ఎలా ఉందమ్మా అని అడిగాను.

"ఆదివారం దొరికింది మేడమ్. మిగతా వారం బస్సుల్లో పోతోంది" అంది.

ఇటు పటమటలో ఆమె స్థానంలోకి కొత్తమ్మాయి వచ్చింది. ఆమెకి మంగళవారం సెలవు. ఏ రోజైనా తనకి ఒకటేనని, కావాలంటే తన మంగళవారం అతన్ని తీసుకోమని ఆ పిల్లే చెప్పింది. అతను నాకు ఫోన్ చేసి, "ఆవిడకి అక్కర్లేదండీ. నాకు కావాలి. ఇప్పుడైనా కుదరదా?" అన్నాడు. కుదరదని చెప్పాను. ఫోన్ పెట్టేశాక, గదిలో ఎవరూ లేరు కాబట్టి, కంప్యూటరుని నోటికొచ్చినట్టు తిట్టాను.

కొన్నాళ్లకి ఆ అమ్మాయి రాజీనామా చేసింది. కంకిపాడులోనే ఒక కంటి ఆస్పత్రిలో రిసెప్షన్ పని దొరికిందట. జీతం తక్కువ, నడిచి వెళ్లే దూరం. ఇక్కడ ఎంతో నేర్చుకున్నానని మర్యాదగా చెప్పి వెళ్లింది. ఏం నేర్చుకుందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ మరుసటి ఏడాది కంపెనీ కొత్త సాఫ్ట్‌వేరు తెచ్చింది. ఉద్యోగుల సౌకర్యార్థం అంటూ మాకు శిక్షణ ఇచ్చారు. అందులో మేనేజరు ఒక్క మీట నొక్కితే ఎవరి సెలవైనా మారుతుంది. ఎవరి అనుమతీ అక్కర్లేదు. పటమట మేనేజరు ఆ సాయంత్రమే నొక్కేశాడు.

"మంగళవారం వచ్చిందండీ" అని అతను ఫోన్ చేశాడు. సంతోషంగానే ఉన్నాడు. వాళ్లావిడ డ్యూటీ ఇంకా మారలేదు కదా అని భయంభయంగా అడిగాను. మారలేదన్నాడు.

ఆ అమ్మాయికి కూడా చెప్పాలనిపించి ఫోన్ చేశాను. ఆస్పత్రిలో ఉన్నట్టుంది, వెనక పిల్లవాడెవడో చుక్కల మందుకి ఏడుస్తున్నాడు. జరిగింది చెప్పాను.

"అట్లాగా అండీ. ఆయనకి వచ్చిందిగా, మంచిదే" అంది. తర్వాత, "పేషెంట్లు వచ్చారు మేడమ్, ఉంటానండీ" అని పెట్టేసింది.