పిల్లను కట్టేసి బయలుదేరిన జట్కా

కిందటి నెల మా వీధిలోకి పెళ్ళి ఊరేగింపు వచ్చింది. పెళ్ళికొడుకును తెల్ల గుర్రం ఎక్కించారు. బ్యాండువాళ్ళు చెవులు చిల్లులు పడేలా వాయిస్తున్నారు, కుర్రాళ్ళు సరిగ్గా గుర్రం మూతి ముందే గెంతుతున్నారు. గేటు దగ్గర నిలబడి చూస్తున్న నాకు దాని చెవులు రెండూ వెనక్కి నొక్కుకుపోయి కనిపించాయి. "బాబూ, దానికి చిర్రెత్తిపోతోంది, కాసేపు పక్కకు తీసుకెళ్ళు" అన్నాను కళ్ళెం పట్టుకున్న మనిషితో. "మీకు చెప్పిందా అమ్మమ్మగారూ?" అని నవ్వాడు. చెప్పింది నాయనా, నీకూ చెబుతూనే ఉంది. ఆ మాట పైకి అనలేదు. గుర్రం తరఫున పెళ్ళివారితో తగువు పెట్టుకుంటే మా కోడలు నన్ను ఇంట్లోకి రానివ్వదు.

గుర్రాల సంగతులు నాకు చెప్పింది మా మేనమామ, అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. మా ఊరు రామతీర్థానికి రెండు మైళ్ళు. అక్కడినుంచి నెల్లిమర్లకూ విజయనగరానికీ జట్కా తోలేవాడు. మనుషులతో రోజుకు పది మాటలు మించితే అరిగిపోతాననుకునే రకం. గుర్రం ఊసెత్తితే మాత్రం ఆగేవాడు కాదు. చెవులు రెండూ ముందుకు పెడితే ఎదురుగా ఏదో గమనిస్తోందనీ, ఒక చెవి వెనక్కి తిప్పితే తోలేవాడి మాట వింటోందనీ, ముక్కుతో మెల్లగా గురగురలాడితే పలకరింపనీ చెప్పేవాడు. స్టేషను దగ్గర రెండు జట్కాలు ఎదురుపడితే గుర్రాలు ముక్కూ ముక్కూ ఆనించి ఒకదాని ఊపిరి ఒకటి వాసన చూసుకునేవి. ఆ తర్వాతే బండివాళ్ళు బీడీలు ముట్టించుకునేవారు. "మన సేతిలో బయం పగ్గం ఎంబడే దాని నోటికి ఎలిపోతాది అమ్మీ. నోరిప్పి సెప్పక్కర్లేదు" అనేవాడు మావ. అది నిజమో కాదో తేల్చుకోవలసిన రోజు నాకే వస్తుందని అప్పుడు తెలియదు.

అరవైల చివర్లో సంగతి. నాకు పందొమ్మిదేళ్ళు. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చాను. మా ఆయన ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగంలో ఉన్నారు. శ్రావణమాసం, ముసురు పట్టి మూడు రోజులైంది. తెల్లవారాక నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని చూసి, అమ్మను గుమ్మం అవతలికి తీసుకెళ్ళి, బిడ్డ అడ్డం తిరిగింది, నా వల్ల కాదు, పట్నం ఆసుపత్రికి తీసుకుపొమ్మంది. తాను గుసగుసలాడుతున్నాననుకుంది. నాకు ప్రతి ముక్కా వినబడింది.

మావ గుర్రం ఈనింది మూడు నెలల కిందటే. జట్కావాళ్ళ వాడుక ఏమిటంటే, పాలు తాగే పిల్ల ఉంటే దాన్ని ఇంట్లో వదలరు. తల్లి బండి లాగుతుంటే పక్కనే గంతులేస్తూ వస్తుంది, దారిలో రెండుసార్లు ఆగి పాలు తాగుతుంది. అమ్మకు ఆ రోజు ఆ రెండుసార్లే కంటికి కనిపించాయి. "ఆ గెంతులదాన్ని ఎంట తీసికెల్తే పొద్దుగూకినా సేరం" అని పిల్లను తీసుకుపోయి పశువుల సాలలో కట్టేసింది. మావ చూశాడు. కానీ బుద్ధెరిగాక అక్క మాటకు ఎదురాడిన మనిషి కాడు. మావైపు అక్కను అప్ప అంటారు. ఆ అప్ప మాటే ఆ రోజూ చెల్లింది. నన్ను ఎత్తి బండిలో పడుకోబెట్టి, అమ్మ పక్కన ఎక్కాక పగ్గాలు పట్టుకున్నాడు.

మైలు దాటామో లేదో, గుర్రం నిలిచిపోయింది. అదిలిస్తే కదల్లేదు. అంతవరకూ ఉత్తినే గాలిలో ఆడించే చెర్నాకోలతో మావ మొదటిసారి ఒకటి వేశాడు. ఒళ్ళంతా వణికింది గానీ అడుగు వెయ్యలేదు. మెడ వెనక్కి తిప్పి సకిలించింది. చినుకుల చప్పుడులోంచి, ఊరివైపునుంచి, సన్నగా జవాబు వచ్చింది.

"అప్పా, ఇది మొండితనం కాదే. పిల్ల పిలస్తంది."

"నా పిల్ల సస్తంటే దాని పిల్లేటిరా మజ్జిన! కొట్టు!"

మావ కొట్టలేదు. "కొడితే కదల్దు. ఎనకాల పిల్ల, ముందర మన బయం. సూడు, నా సేతులు. ఇయి దానికి ఏటి సెప్తన్నాయో నీకు తెల్దు" అన్నాడు. పగ్గం పట్టిన గుప్పిళ్ళు అమ్మ ముందు పెట్టాడు. బండి వెనక్కి తిప్పుదామంటే ఇరుకు గట్టు, రెండు వైపులా నిండు మళ్ళు. పగ్గాలు వదిలి అతను దిగితే గుర్రం తనే తిరగబోయి బండిని మడిలో పడేస్తుంది. పిలుద్దామంటే ఆ వానలో చేలల్లో మనిషి లేడు.

అమ్మ దిగింది. నా వంక చూడలేదు. చీర మోకాళ్ళ పైకి దోపి, ఊరివైపు పరుగు పెట్టింది.

తర్వాత ఎంతసేపో నాకు తెలియదు. నెల్లిమర్ల జూట్ మిల్లు కూత ఒకసారి వినిపించింది. నొప్పి వచ్చినప్పుడల్లా బండి చట్రం పట్టుకున్నాను. నడుమనడుమ బిడ్డ కదలికకోసం పొట్టమీద చెయ్యి పెడితే ఏమీ తెలియలేదు. ఇంకోసారి పెట్టడానికి భయం వేసింది. మావ నావైపు తిరగకుండా గుర్రంతోనే మాట్లాడుతున్నాడు, "వస్తాదే, నీ పిల్ల వస్తాదే" అని. అది ఒక చెవి మావకిచ్చి, ఒక చెవి ఊరికిచ్చి నిలబడింది.

ముందు పిల్ల వచ్చింది, మెడకు తెగిన తాడుతో. వెనక దూరంగా అమ్మ, జుట్టు ఊడిపోయి, నడుందాకా బురద. పిల్ల వస్తూనే తల్లి పొట్టకింద దూరింది. గుర్రం దాన్ని వాసన చూసి గురగురలాడింది. అంత తొందరలోనూ అమ్మ "కానీ, కానీ" అనలేదు. చక్రం పట్టుకుని రొప్పుతూ, అది తాగడం అయ్యేదాకా నిలబడింది. ఆ తర్వాత మావ పగ్గం కదపనే లేదు, బండి కదిలింది. విజయనగరం దాకా ఎక్కడా ఆగలేదు.

ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. తల్లి కావాలా బిడ్డ కావాలా అని అడిగేదాకా వచ్చిందట. ఇద్దరమూ మిగిలాం. ఆడపిల్ల.

పురుడు వెళ్ళాక ఒకరోజు అమ్మను అడిగాను, గుర్రం మాట నువ్వెలా నమ్మావు అని. "నమ్మడానికేటుందే. అది అరుస్తంటే నానే అరుస్తన్నట్టున్నాది" అని చేటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

నేను చెప్పవలసింది చెప్పలేదు. ఆ రోజు అమ్మ వీపు వానలో చిన్నదైపోతుంటే, గుర్రప్పిల్లకోసం నన్ను చావుకు వదిలి పోతోందని, ఆ పిల్లను నోరారా తిట్టాను. అది చక్రాల కింద పడి చావాలని కోరుకున్నాను. మావ విన్నాడు, ఎవరికీ చెప్పకుండానే పోయాడు. ఆ తర్వాత అమ్మ ముప్ఫై ఏళ్ళు బతికింది. ఒక్క మాట చెప్పుకోవడానికి ముప్ఫై ఏళ్ళు కూడా చాలవని నాకు అప్పుడెవరూ చెప్పలేదు.