గిద్యోను చూసిన ఇంగ్లీషు సినిమాలు

గిద్యోనుకు పక్షవాతం వచ్చి ఏడు నెలలైనా మాట సరిగా రాలేదు. కర్ర పట్టుకుని పెరటి దాకా పోయి వస్తున్నాడు. అన్నం ఎడంచేత్తో తనే కలుపుకుంటున్నాడు. మాటే మొండికేసింది. నీళ్ళు కావాలంటే ‘తలుపు’ అంటాడు. తలుపు వెయ్యమనడానికి ‘ఆదివారం’ అంటాడు. తప్పు మాట వచ్చిందని ఆయనకే తెలిసిపోతుంది, ముఖం గోడకేసి తిప్పుకుంటాడు. ఆ తిప్పుకోవడం చూడలేకే ఎలిశబెతు చాలాసార్లు ఏదో పనున్నట్టు వంటింట్లోకి పోయేది.

గూడూరు దగ్గర కోట అనే ఊళ్ళో చర్చి వెనక వీధిలో వాళ్ళిల్లు. ఎలిశబెతు ముప్పై ఏళ్ళు ఆడపిల్లల హాస్టల్లో వంటచేసింది. గిద్యోను ఇరవై ఆరేళ్ళు మద్రాసులో కంపెనీ లారీ తోలాడు. క్రిస్మస్‌కూ, ఈస్టరుకూ, మధ్యలో ఎప్పుడైనా ఒకసారీ ఇంటికొచ్చేవాడు. పని మానుకుని వచ్చి పద్నాలుగేళ్ళవుతోంది. మొదట్నుంచీ తక్కువ మాటల మనిషి. మద్రాసు ఎట్టుంటుందని అడిగితే “ఏముందీ, ఎండ” అనేవాడు. ఒకసారి తనూ వస్తానంటే, ఆ ఉక్కలో నువ్వు తట్టుకోలేవన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. మొగుడు కంపెనీ డ్రైవరని నలుగురిలో చెప్పుకుంటే ఆమెకు గౌరవంగానే ఉండేది.

నెల్లూరులో మాట నేర్పించే డాక్టరమ్మ, “బలవంతంగా పదాలు చెప్పించొద్దమ్మా. ఆయనకు బాగా ఇష్టమైంది ఏదో దాన్ని పట్టుకోండి. ఇష్టమున్న చోటికి మాట త్వరగా వస్తుంది” అంది. తిరుగు బస్సులో ఎలిశబెతు దారంతా అదే ఆలోచించింది. పీతల పులుసు ఇష్టం. ఇస్త్రీ చొక్కా ఇష్టం. అంతకు మించి ఆమెకేమీ తట్టలేదు. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి గురించి ఇంతేనా తనకు తెలిసింది అని రెండు రోజులు లోలోపల కుమిలింది.

వాళ్ళకు ఒక్కతే కూతురు, షారన్. నెల్లూరులో నర్సు. పదిహేను రోజులకోసారి వస్తుంది. ఆ విడత వచ్చినప్పుడు నెట్‌తో నడిచే టీవీ తెచ్చి బిగించింది. చర్చి పాటలు పెట్టింది. పాత తెలుగు సినిమాలు పెట్టింది. గిద్యోను చూసీ చూడనట్టు కూర్చున్నాడు. ఇంకేముందా అని ఆ పిల్ల రిమోటు నొక్కుకుంటూ పోతుంటే తెర మీద బొమ్మలు ఒకదాని వెంట ఒకటి జరుగుతున్నాయి. ఒక బొమ్మ దగ్గర ఆయన ఎడంచెయ్యి పైకి లేచింది.

“అదీ” అన్నాడు.

వానకు తడిసిన వీధి. నలిగిన కోటులో ఒక బక్క మనిషి. వెనక ఇటుక గోడలకు అతుక్కున్న ఇనుప మెట్లు.

“నాయనా, ఇది అమెరికా సినిమా. డెబ్బైల్లోది. ఇది నీకెందుకు?” అంది షారన్.

“అదే” అన్నాడు మళ్ళీ. ఏడు నెలల్లో వెతుక్కోకుండా వచ్చిన మాట అదే.

ఎలిశబెతు పదహారో ఏట బాప్తిస్మం తీసుకున్నాక సినిమాహాలు గడప తొక్కలేదు. ఇంగ్లీషు సినిమా అంటే సిగ్గులేని బొమ్మలని ఆమె లెక్క. అయినా డాక్టరమ్మ చెప్పింది కదా అని, మధ్యాహ్నం అన్నాలయ్యాక మునగాకు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఆయన పక్కన కూర్చునేది. ఆకు దూస్తూ ఒక కన్ను అటు వేసేది. పాటల్లేవు. మంచి చీర కట్టిన మనిషి లేదు. ఊరంతా పొగ, మడ్డి, గోడల మీద పిచ్చిరాతలు. మనుషులందరూ నిద్ర చాలనట్టున్నారు. ఆడామగా దగ్గరగా వస్తే ఆమె గోడ మీది క్యాలెండరు చూసేది.

“ఇందులో ఏముందయ్యా అంతగా చూసేదానికి?” అని అడిగింది ఒకరోజు. ఆయన రెప్ప వెయ్యలేదు.

రెండో వారంలో ఒక సినిమాలో చెత్త ఎత్తేవాళ్ళు సమ్మె చేశారు. రోడ్డు పొడుగునా నల్ల సంచుల గుట్టలు. సమ్మె అయిపోయి, తెల్లవారు వెలుగులో ఒక పెద్ద లారీ వెనకనోరు తెరుచుకుని మెల్లగా వచ్చింది. గిద్యోను కుర్చీలోంచి లేవబోయాడు. ఆమె భుజం పట్టుకుని ఆపింది.

“నాది. నా బండి.”

“నీ బండేంది? నీది కంపెనీ లారీ గదా.”

ఆయన తల అడ్డంగా ఊపాడు. తెర వైపు చూపించాడు, తన రొమ్ము మీద చెయ్యేసుకున్నాడు. “చెత్త. చెత్తబండి. నేను. మద్రాసు.”

ఎలిశబెతు చేతిలో మునగరెమ్మ అట్టే ఉండిపోయింది. ఇంటికొచ్చే రోజు ఆయన చొక్కాకు గుప్పుమని సెంటు వాసన కొట్టేది. ఎర్ర సబ్బుతో రుద్దీ రుద్దీ చేతుల తోలు లేచిపోయి ఉండేది. ఆ సెంటు మీద ఆమెకు చాలా ఏళ్ళు ఒక అనుమానం ఉండింది. ఎవరికీ చెప్పలేదు, ఆయన్నీ అడగలేదు. అప్పుడప్పుడు మోకాళ్ళ మీద ప్రార్థన చేసేటప్పుడు మాత్రం దేవుడికి చెప్పుకునేది.

“ఆ సెంటు?” అంది.

“కంపు” అన్నాడు గిద్యోను. ఇంకో మాట కోసం చాలాసేపు వెతుక్కున్నాడు. “నీకు... రాకూడదని.”

ఆమె లేచి వంటింట్లోకి పోయి ముఖం కడుక్కుంది. టీ పెట్టి తెచ్చింది. రిమోటు ఆమెకు పట్టుకోవడం కూడా రాదు. ఆ పూట పట్టుకుని, ఒక్కో మీటా నొక్కి చూసి, ఆ లారీ వచ్చే చోటు మళ్ళీ తెప్పించింది.

అక్కణ్ణించి మాటలు కొద్దికొద్దిగా వచ్చాయి. ఒకరోజు రెండు, ఒకరోజు ఏడు. ఆమె వాటిని కలుపుకుని అర్థం చేసుకునేది. తెల్లారి నాలుక్కి బండి ఎక్కితే పదకొండుకు పనయిపోయేది. ఉండే గది రేకులది, పగలు కాలిపోయేది. దగ్గర్లో ఒక పాత హాల్లో అరిగిపోయిన ఇంగ్లీషు సినిమాలు పదకొండున్నర ఆటగా వేసేవాళ్ళు. ఫ్యాను కింద నిద్రపోవచ్చని పోయినాడు. ఒకరోజు మెలకువ వచ్చి చూస్తే తెర మీద చెత్తకుప్ప ఉంది.

“మన సినిమాలో... హీరో లారీ తోలతాడు. లారీ మెరస్తా ఉంటది” అన్నాడు. “దాంట్లో ఊరు మురికి. దాయలా. నేను తెల్లార్తో చూసే ఊరు... అదే.”

ఇంకో రోజు ఆయనే అందుకున్నాడు. “ఎవురూ గెలవరు, ఎలిశా. చివరికి కూడా. అయినా లేస్తారు. పనికి పోతారు.”

“అది చూస్తే నీకు దిగులనిపించలేదా?”

“తోడు” అన్నాడు.

రానురాను ఆయన కథ చెప్పడం మొదలుపెట్టాడు. నలిగిన కోటు మనిషి సినిమా ఆయనకు అన్నిటికన్నా ఇష్టం. ఆ మనిషి వాన పడుతున్నా రోడ్డు పక్క ఫోను డబ్బాలోకి పోయి ఫోను చేస్తుంటాడు.

“పెళ్ళాంతో మాట్లాడతా ఉండాడు. ఊర్లో ఉంది. బిడ్డకు జొరం.”

“తగ్గిందంటనా?” అని ఎలిశబెతు పళ్ళెం పక్కన పెట్టి అడిగింది.

“తగ్గింది.”

ఆమెకు ఆ పూట ప్రాణం కుదుటపడినట్టయింది.

షారన్ వచ్చినప్పుడు అదే సినిమా నడుస్తోంది. వెనక నిలబడి, తెర కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదువుతూ చూసింది. నాయన చెప్పేదీ విన్నది. తర్వాత వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించింది.

“అమ్మా, ఆ మనిషి ఫోను చేసేది పెళ్ళానికి కాదు. దొంగసరుకు కొనేవాడికి. అసలు ఆ మనిషికి పెళ్ళే కాలా. నాయన చెప్తున్నది ఆ కత కాదు.”

“నాయనకు ఇంగ్లీషు రాదు గదమ్మా.”

“అదే అంటుండా. ఆయనకు చెప్పొద్దా మరి?”

ఎలిశబెతు పొయ్యి తగ్గించింది. “నువ్వు రెండో తరగతిలో ఉండంగా నీకు టైఫాయిడ్ వచ్చింది. పన్నెండు రోజులు. రోజూ హాస్టల్ ఆఫీసుకు ఫోను చేసేవాడు. వార్డెన్ గారు నన్ను పిలిచేవాళ్ళు. ‘జొరం తగ్గిందా’ అనేవాడు. లేదంటే పెట్టేసేవాడు. రెండో మాట ఉండేది కాదు. ఇంత రాయి మనిషేందని నాకు మండిపొయ్యేది.”

ముందు గదిలో టీవీలో వాన కురుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. షారన్ పోయి నాయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. “ఆ తర్వాత ఏం జరిగింది నాయనా?” అని అడిగింది.

ఫిబ్రవరిలో ఎలిశబెతు ఒక మాట అంది. “నన్ను మద్రాసు తీసుకుపో. నువ్వు బండి తోలిన వీధులు చూడాల.” ఆయన వద్దన్నాడు. ఏముందక్కడ అన్నాడు. ఆమె చీర తీసి బ్యాగులో పెట్టుకుంది. ముగ్గురూ గూడూరులో పొద్దుటి రైలెక్కి మద్రాసు సెంట్రల్‌లో దిగి ఆటో మాట్లాడుకున్నారు.

సినిమాహాలు ఉన్నచోట ఇప్పుడు బట్టల గోడౌను. గిద్యోను దాని వైపు ఎక్కువసేపు చూడలేదు. వీధులు మొదలయ్యేసరికి ఆయన ముందుకు వంగి కూర్చున్నాడు. ఎడమకు తిప్పమని, నిదానంగా పొమ్మని ఆటో ఆయనకు అరవంలో చెప్పాడు. ఆ అరవం ఎక్కడా తడబడలేదు. షారన్ నోరు తెరిచి వింటోంది. ఇది బడి మూల అన్నాడు, ఇక్కడ రెండు డబ్బాలు. అది కసాయి అంగడి, అక్కడ కుక్కలు ఎక్కువ. ఆ ఆసుపత్రి వెనక గేటు దగ్గరే చేతికి సూది గుచ్చుకుంది, వారం జొరంతో పడుకున్నానన్నాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

పట్టాళం అనే పేటలో ఒక సందు మొదట్లో చెత్తలారీ ఆగి ఉంది. పచ్చ కోటు వేసుకున్న ఒకామె డబ్బా దొర్లించుకుంటూ వస్తోంది. గిద్యోను ఆటో ఆపించి కర్ర పట్టుకుని దిగాడు. ఎవరు కావాలని ఆమె అడిగింది. నేనూ ఇదే పని, ఈ సందే, ఇరవై ఆరేళ్ళు అని చెప్పాడు. ఆమె ఒక్క క్షణం ఆయన కాలూ చెయ్యీ చూసింది. తర్వాత చేతి తొడుగులు తీసి, టిఫిను తిన్నారా పెద్దాయనా అని అడిగింది.

లారీ వెనకనుంచి వాసన ఒక్కసారిగా వచ్చింది. ఎలిశబెతు చెయ్యి దానంతటదే కొంగు మీదికి పోయింది. ముక్కు దాకా తేబోయి, ఆ కొంగును భుజాన సర్దుకుని ఆయన పక్కకు పోయి నిలబడింది.

“మా ఆయన” అంది ఆ పచ్చ కోటామెతో, తెలుగులోనే.

లారీ కదిలిపోయాక వాళ్ళు సందు చివరి టీకొట్టు బల్ల మీద కూర్చున్నారు. ఎండ బాగా ఎక్కింది. గిద్యోను ఎడంచేత్తో గ్లాసు పట్టుకుని, “ఇంకా పదకొండు వీధులుండాయి” అన్నాడు.

“ఉంటే ఉండనీ” అంది ఎలిశబెతు. “టీ తాగి పోదాం.”