మూడు చుక్కలావిడ

నాంచారమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా బందరు మనుషుల సంగతులు ఆవిడ చదివినన్ని హైస్కూలు హెడ్మాస్టరు కూడా చదివి ఉండడు. ఆవిడ చదివేది బట్టలు. కండువా అంచున పొడుం మరక కనిపిస్తే, ఆ పెద్దమనిషి పొడుం మానేశానని పెళ్లానికి ఒట్టు పెట్టి వీధరుగు మీద పీలుస్తున్నాడన్నమాట. పరికిణీ కుచ్చిళ్లలోంచి ఇసుక రాలితే, ఆ పిల్ల బడికని చెప్పి మంగినపూడి సముద్రానికి వెళ్లొచ్చిందన్నమాట. కాలవ గట్టున మైల మూట విప్పి, ఒక్కొక్క బట్టా చేతిలోకి తీసుకుని, ముందూ వెనకా తిప్పి చూసి గానీ చౌడు నీళ్లలో నానవేసేది కాదు.

"నువ్వు బట్టలుతకడానికొచ్చావా, వాటితో కబుర్లాడ్డానికొచ్చావా?" అని విసుక్కునేవాడు మొగుడు శోభనాద్రి.

"ఉండు మావా, ఈ లాల్చీ ఏదో చెబుతోంది," అనేది నాంచారమ్మ.

అయితే తెలుసుకోవడం వరకే. చెప్పడం లేదు. కాపురానికొచ్చిన కొత్తలోనే అత్తగారు గట్టిగా చెప్పి పెట్టింది. ఒక ఇంటి బట్టల్లో చూసింది చాకిరేవులోనే వదిలేయాలి, ఇంకో ఇంటి గడప తొక్కించకూడదు. తొక్కించిన చాకలిదానికి మర్నాటి నుంచి మూట వేసే ఇల్లుండదు. ముప్ఫై ఏళ్లుగా నాంచారమ్మ ఆ మాట జవదాటలేదు. అందుకే గొడుగుపేటలో ఆవిడంటే అంత నమ్మకం. ఆ నమ్మకం మీదే అయిదుగురు పిల్లల్ని పెంచింది.

చిలకలపూడి వెళ్లే దారిలో వృద్ధుల శరణాలయం అని ఒకటి ఉండేది. బోర్డు మీద పేరు అది. ఊళ్లో అందరూ ముసలోళ్ల సత్రం అనేవారు. ఎవరూ లేనివాళ్లూ, అందరూ ఉండి వద్దనిపించుకున్నవాళ్లూ కలిసి పద్ధెనిమిది మంది. ఊరి పెద్దల కమిటీ ఒకటి నడిపేది. దానికి ప్రెసిడెంటు ప్లీడరు పిచ్చేశ్వరరావుగారు. నెలకోసారి, మొదటి ఆదివారం, కమిటీవాళ్లు వచ్చి వరండాలో కుర్చీలు వేయించుకుని, తెల్లటి బట్టల్లో వరసగా కూర్చున్న ముసలివాళ్లను చూసి, సంతోషించి, కాఫీ తాగి వెళ్లేవారు.

ఆ తెలుపు నాంచారమ్మ చేతిదే. సోమవారం మైల మూట, శుక్రవారం చలవ మడతలు. పెరటి గుమ్మం దాటి లోపలికి ఎన్నడూ వెళ్లలేదు. ఆయా సంతోషమ్మ మూట తెచ్చి ఇచ్చేది, మడతలు తీసుకుపోయేది. లోపలి మనుషుల మొహాలు తెలియవు, పేర్లు తెలియవు. తెలిసినవి గుర్తులే. నల్లజీడి గింజ పాలతో బట్ట మూలన చాకలి పెట్టే గుర్తు ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. సత్రం బట్టలన్నిటికీ ఒక నిలువు గీత, దాని కింద మనిషి మనిషికీ ఇన్నని చుక్కలు. అయిదు చుక్కలాయనకు వక్కాకు పిచ్చి. తొమ్మిది చుక్కలావిడకు ఎడమ కాలు ఈడుస్తుంది, చీర అంచు ఆ వైపే అరుగుతుంది. ఇలా చూడకుండానే పద్ధెనిమిది మందితోనూ చుట్టరికం కలుపుకుంది.

వాళ్లందరిలోకీ నాంచారమ్మకు ముద్దొచ్చిన మనిషి మూడు చుక్కలావిడ. ఆవిడవి రెండే రెండు తెల్ల నేతచీరలు. చిరుగు పడితే అందరిలా అతుకు వేసేది కాదు. పోగుకు పోగు కలిపి, అడ్డం నిలువూ అల్లి, చిరుగును మళ్లీ నేసేది. వెలుగుకు పట్టి చూస్తే తప్ప అక్కడ చిరిగిందని తెలిసేది కాదు. పెడన మగ్గాల ఇంటి ఆడమనిషి తప్ప ఇంకొకరు ఆ పని చేయలేరని నాంచారమ్మ తేల్చేసింది. ప్రతి సోమవారం ముందుగా ఆ చీరే బయటికి తీసి, ఈ వారం ఎక్కడ నేసిందా అని వెతికేది. దొరికితే శోభనాద్రికి చూపించేది. అతడు ఆవులించేవాడు.

ఆ ఏడు శ్రావణంలో నేతలు ఆగిపోయాయి. రెండు చీరల్లో ఒకటి మూటలో రావడమే మానేసింది. రెండోది వచ్చింది గానీ, దాన్ని చూసి నాంచారమ్మ బిత్తరపోయింది. శుక్రవారం తను ఇస్త్రీ పెట్టెతో నొక్కి పెట్టిన మడత పెట్టినట్టే ఉంది. గంజి పెళపెళలాడుతోంది. కట్టని చీరను ఉతకడానికి ఎందుకు పంపారు? కట్టకపోతే ఆవిడ ఏం కట్టుకుంటోంది?

"ఊరెళ్లిందేమోలే," అన్నాడు శోభనాద్రి.

"ఊరెళితే చీర ఇక్కడెందుకుంటుంది మావా? గోచీ పెట్టుకుని పోయిందా?"

మరుసటి సోమవారమూ అంతే. ఆ పై సోమవారమూ అంతే. అలమరలో ఉన్న బట్టలన్నీ లెక్కకు పద్ధెనిమిది మందివీ మూటలో పడాలని మేనేజరు గోవర్ధనరావు ఆజ్ఞ. కట్టారా లేదా అన్నది ఆయనకు పట్టదు. నాంచారమ్మ ఆ మడతనే విప్పి, తడిపి, ఉతికి, మళ్లీ మడత పెట్టి ఇచ్చేది. ఇచ్చేటప్పుడు ఒకసారి ఉండబట్టలేక అడిగింది.

"సంతోషమ్మగారూ, మూడు చుక్కలావిడ కులాసాగా ఉందాండీ?"

"చుక్కలేంటి, నీ మొహం. అందరూ బాగానే ఉన్నారు," అంది సంతోషమ్మ. అంటూ మొహం పక్కకు తిప్పుకుంది. నాంచారమ్మ ఆ తిప్పుకోవడమూ చదివింది. చదివి, అత్తగారి మాట తలుచుకుని, రేవులో వదిలేసింది. అలా ఆరు సోమవారాలు వదిలేసింది.

ఏడో సోమవారం దుప్పటి దులుపుతుంటే అందులోంచి ఒక గుడ్డ పేలిక జారి బండ మీద పడింది. జానెడు వెడల్పున చింపి, తాడులా మెలిపెట్టిన పేలిక. ఒక కొస చిరిగి ఉంది. రెండో కొసన ఉచ్చులా ముడి. ముడి లోపలివైపు పసుపూ నలుపూ కలిసిన మరక, చీము వాసన. విప్పబోయింది, రాలేదు. ఆ ముడి ఆవిడకు తెలుసు. గేదెను గుంజకు కట్టేటప్పుడు శోభనాద్రి వేసే ముడి. ఎంత లాగితే అంత బిగుస్తుంది గానీ ఊడదు.

ముడి ఊడకుండా ఉచ్చు ఇక్కడికి ఎలా వచ్చింది? నాంచారమ్మ తన చెయ్యి అందులో పెట్టి చూసింది. వేళ్లు దూరాయి, అరచెయ్యి దూరలేదు. చిక్కి, చిక్కి, ముడి విప్పకుండానే జారిపోయేంత సన్నబడిన చెయ్యి ఎవరిది? పేలిక మెలి విప్పి చిరుగు కొస చూసింది. మూలన నల్లగా ఒక గీత, దాని కింద మూడు చుక్కలు.

నాంచారమ్మకు కోపం వచ్చింది. మేనేజరు మీద కంటే ముందు తన మీద వచ్చింది.

"ఉతికి పారెయ్యి," అన్నాడు శోభనాద్రి, సంగతి విని. "ప్లీడరుగారిల్లు, సత్రం, వాళ్లను చూసి ఇంకో నాలుగిళ్లు. అన్నీ ఒక్క దెబ్బతో పోతాయి. అమ్మ చెప్పింది మరిచావా?"

"మరవలేదు మావా. ఇంకో ఇంటి గడప తొక్కించొద్దంది. ఎవరింటి బట్ట వాళ్లింటికి ఇవ్వొద్దనలేదుగా?"

శోభనాద్రికి అర్థం కాలేదు. ఆ నాలుగు రోజులూ నాంచారమ్మ మళ్లీ ఆ ఊసెత్తలేదు.

శుక్రవారం పొద్దున్నే ప్లీడరుగారి ఇంటికి మడతలు తీసుకెళ్లింది. ఆయన భార్య విజయకుమారి ఒక్కొక్కటే ఎంచి పెట్టెలో సర్దుకుంటోంది. సిల్కు లాల్చీ కింద ఉతకని పేలిక తగిలింది. ఛీ అని చెయ్యి వెనక్కు తీసుకుంది.

"ఇదేంటే నాంచారమ్మా? ఎవరి బట్టలో కలిపేశావా?"

చాకలివాళ్లు బట్టలు మార్చేయడం, ఇంటివాళ్లు తిట్టడం బందరులో రోజూ ఉండేదే. ముప్ఫై ఏళ్లలో నాంచారమ్మకు మాత్రం ఆ తప్పు జరగలేదు. ఈ ఒక్కటీ కావాలని చేసింది.

"కలపలేదండి అమ్మగారూ. మీదేనండి."

"ఈ పేలిక మాదేంటే?"

"అయ్యగారు పెసిడెంటు గదండీ. అయ్యగారి సత్రంలోదండి. ఉతికితే మరక పోద్దని ఉతకలేదండి." ఆపకుండా చెప్పింది, ఆపితే మళ్లీ నోరు రాదని భయం. "ఇది గేదెను కట్టేసే ముడండి. ఓ పాలి మీ చెయ్యి పెట్టి చూడండమ్మా."

విజయకుమారి ముడినీ, మరకనూ, నాంచారమ్మ మొహాన్నీ మార్చి మార్చి చూసింది. గాజులు పైకి తోసుకుని ఉచ్చులో చెయ్యి పెట్టింది. వేళ్ల దగ్గరే ఆగిపోయింది. పేలిక పట్టుకుని నేరుగా ముందు గదిలో పేపరు చదువుతున్న ప్లీడరుగారి దగ్గరికి నడిచింది. ఆయన అంతా విని గొంతు సవరించుకున్నారు.

"ఎల్లుండి ఆదివారం మీటింగేగా. అందులో అడుగుతాను."

"ఆదివారం వాళ్లు చూపించేది చూసొస్తారు. ఇప్పుడే పదండి," అంది విజయకుమారి. "నాంచారమ్మా, నువ్వూ రా."

వాళ్లు రిక్షాలో వెళ్లారు. నాంచారమ్మ సత్రం మడతల మూట నెత్తిన పెట్టుకుని వెనక నడిచింది. నిజం చెప్పాలంటే భయంతో పాటు ఇంకొకటి కూడా ఆవిడను ముందుకు తోసింది. ఇన్నేళ్లుగా చీరల్లో చదువుకున్న మనిషిని ఇవాళ కళ్లతో చూడబోతోంది. ఎలా ఉంటుందో? పొడుగా, పొట్టా? నవ్వు మొహమా?

ప్లీడరుగారిని చూసి గోవర్ధనరావు చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. "ఒక్క కబురు పెడితే అన్నీ సిద్ధంగా ఉంచేవాణ్ణి గదండీ!"

వరండాలో ముసలివాళ్లు లేరు. లోపలి నుంచి వాసన వస్తోంది. "ఎవరిని కట్టేశారు?" అని విజయకుమారి అడిగితే, "ఎవర్నీ లేదండీ, శివ శివా!" అన్నాడు. పేరు చెప్పమంటే విజయకుమారికి తెలియదు. వెనక నుంచి నాంచారమ్మ అంది.

"మూడు చుక్కలావిడండి."

మేనేజరుకు అర్థం కాలేదు. గుమ్మంలో నిలబడ్డ సంతోషమ్మకు అయింది. ఆవిడ వెనక్కు తిరిగి, పెరట్లో కట్టెల కొట్టు పక్క గది గొళ్లెం తీసింది.

నులకమంచం మీద ఒక ముసలావిడ. ఒంటి మీద గోనెపట్టా తప్ప నూలుపోగు లేదు. ఒక చెయ్యి మంచం కోడుకు కట్టి ఉంది. రెండో చేతి మణికట్టు పుండు పడి ఉంది. ఆ చెయ్యి ఊరికే లేదు. గోనెలోంచి జనపపీచు ఒక్కొక్కటే లాగి వేలికి చుట్టుకుంటోంది. పేరు సత్యవతమ్మ అని, పెడన నుంచి మరిది కొడుకు దిగబెట్టి వెళ్లాడని అప్పుడు చెప్పింది సంతోషమ్మ.

"కమిటీ ఇచ్చిన కొత్త దుప్పట్లన్నీ పోగులు పీకేసిందండీ," అన్నాడు గోవర్ధనరావు. "ఆ పోగులతో చీరల చిరుగులు నేసుకుంటుందట! చెబితే వినదు. చీర చేతికిస్తే మళ్లీ ఇదే పనండీ. మీరొచ్చినప్పుడు ఏమనుకుంటారోనని..." కమిటీ వచ్చిన ఆదివారాల్లో ఆవిడ పెడన వెళ్లిందని చెప్పేవాడట. ప్లీడరుగారు వచ్చి కాఫీ తాగిన వరండాకూ ఆ గదికీ మధ్య ఇరవై అడుగులు లేవు.

విజయకుమారి కట్టు విప్పబోతే రాలేదు. నాంచారమ్మ ముందుకొచ్చి, తడి గుడ్డలతో అరిగిన గోళ్లతో, ఓపికగా ముడి విప్పింది. తరవాత మూటలోంచి ఆ ఒక్క చీర తీసింది. గంజి పెట్టిన మడత చప్పుడు విని సత్యవతమ్మ తల తిప్పింది.

"ఎవరమ్మా నువ్వు?"

"చాకలి నాంచారినండి."

ముసలావిడ కళ్లు చికిలించి, ఆ మొహాన్ని పరీక్షగా చూసింది.

"నువ్వేనా! నా చీరలు చాకల్ది పట్టుకుపోయింది, మళ్లీ తేలేదు అని చెప్పారు వీళ్లు. ఎప్పుడొస్తుందీ అని రోజూ అడిగేదాన్ని. ఇన్నాళ్లు ఎక్కడ పెట్టుకున్నావే తల్లీ? ఒంటి మీద బట్ట లేకుండా పడున్నాను."

గోవర్ధనరావు తల దించుకున్నాడు. విజయకుమారి ఏదో అనబోయింది. ప్రతి శుక్రవారమూ తెచ్చానమ్మా, ఒక్క వారం తప్పలేదమ్మా అనడానికి నాంచారమ్మకు హక్కుంది, సాక్ష్యమూ ఉంది. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. కానీ నలగని ఆ మడత ఆరు సోమవారాలు తన చేతుల్లోకి వచ్చి సంగతంతా చెబితే, విని కూడా కాలవలో కలిపేసింది ఎవరు? ఆవిడకు దుఃఖం ముంచుకొచ్చింది.

"ఆలస్యమైందమ్మా," అంది నాంచారమ్మ. "తప్పు నాదే."

మగవాళ్లను బయటికి పొమ్మని, విజయకుమారి పట్టుకుంటే, తనే చీర కట్టబెట్టింది.

గోవర్ధనరావు ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. కమిటీవాళ్లు సంగతి పొక్కనివ్వలేదు. పొక్కింది మాత్రం ఇంకొకటి. నాంచారమ్మ ఇళ్ల గుట్టు బయటికి మోస్తుందని. గొడుగుపేటలో మూడిళ్లవాళ్లు మూటలు మాన్పించారు. ఆవిడ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు.

సత్యవతమ్మ ఆ తరవాత రెండేళ్లు బతికింది. ఆయా మారింది, మేనేజరు మారాడు, చాకలి మారలేదు. శుక్రవారం నాంచారమ్మ ఇప్పుడు పెరటి గుమ్మం దగ్గర ఆగకుండా లోపలికే వెళ్లి, ఎవరి మడత వాళ్ల చేతిలో పెట్టేది. వచ్చేపోయేవాళ్లకు సత్యవతమ్మ ఆవిడను చూపించి మురిపెంగా చెప్పేది.

"మా చాకలి. మంచి మనిషే, చెయ్యి శుభ్రం. ఒకటే లోపం, బట్టలు తేవడం మాత్రం బాగా ఆలస్యం చేస్తుంది."

"అవునండి," అనేది నాంచారమ్మ.