పన్నెండో దారి రాయకుండా వెళ్ళిన చయనులు గారు

చయనులు గారు ఇక లేరన్న వార్త నాకు ఫోన్‌లో పూలదండ బొమ్మగా వచ్చింది. విండ్సర్‌లో మా ఆఫీసు పార్కింగ్‌లో కారు ఆపి చూసేసరికి, మా తెలుగువాళ్ళ గ్రూపులో అప్పటికే నలభై మంది అదే దండను, అదే నమస్కారాన్ని వరసగా పంపేశారు. యాత్రాప్రియుడట, ప్రకృతి ఆరాధకుడట, నిత్యయౌవనుడట. ముందురోజు సాయంత్రం ఆయన నాకు ఫోన్ చేస్తే, మీటింగ్‌లో ఉండి ఎత్తలేదు. దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు కనుక, ఈ సంస్మరణలో కొంత కటువుదనం ఉంటే పాఠకులు మన్నించాలి.

ఆయన యాత్రాప్రియుడు కానే కాదు. రిటైరయ్యాక పదకొండు వేసవులు ఒకే ఊరికి వెళ్ళిన మనిషిని ఆ మాట ఎలా అంటారండీ? ఫ్రాన్సుకు దక్షిణాన, ఓక్ చెట్ల కొండల నడుమ, ఏటి ఒడ్డున మూడువందల గడప ఉన్న పల్లె అది. ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో మా క్వాలిటీ విభాగానికి ఆయన పెద్ద. నేను ఆయన దగ్గర పద్నాలుగేళ్ళు పని నేర్చుకున్నాను. విడిభాగాల తనిఖీకని కంపెనీ ఒకసారి అటువైపు పంపితే, ఆదివారంనాడు ఊరికే నడుస్తూ ఆ ఊరు చేరారట. ఊరి పేరు ఇక్కడ రాయను. పేరు చెబితే మనవాళ్ళు ఫోన్‌లో నాలుగు ఫోటోలు చూసి, ఊరు చూసేశామని తృప్తిపడతారని ఆయన కూడా ఎవరికీ చెప్పేవారు కాదు.

నేనూ ఒకసారి వెళ్ళాను, ఆరుగురితో కలిసి, నాలుగు రోజులు. మొదటిరోజే మాకు తిండి దొరకలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి ఊరు ఊరంతా తలుపులు వేసుకుంటుందని తెలిసి కూడా మహానుభావుడు మాకు ముందు చెప్పలేదు. ఆయన భార్య కామాక్షి ఆంటీ పులిహోర కలిపి తెచ్చింది కాబట్టి బతికాం. పాతరాతి వంతెన గోడమీద వరసగా కూర్చుని తిన్నాం. కింద ఏట్లో పడవలు వేసుకుపోతున్న కుర్రకారు మమ్మల్ని చూసి చేతులూపారు. మర్నాడు ఆయన కూడా లైఫ్ జాకెట్ తొడుక్కుని పడవెక్కారు. డెబ్భై రెండేళ్ళ మనిషి, రెండు గంటలు తెడ్డు వేసి, ఒడ్డుకొచ్చి, "భుజాలు పట్టేశాయి, ఎవరికీ చెప్పకండి" అన్నారు.

ఆ ఊళ్ళో వెయ్యేళ్ళనాటి చర్చి ఉంది. తాళంచెవి రొట్టెల కొట్టులో మేకుకు వేలాడుతుంది. అడిగి తీసుకుని, కొట్టు మూసేలోపు ఇచ్చేయాలి. ఆయన్ని చూడగానే కొట్టావిడ ఏమీ అడక్కుండా తాళంచెవి తీసి చేతిలో పెట్టింది. లోపలికి వెళ్ళాక పావుగంట మమ్మల్ని మాట్లాడనివ్వలేదు. చీకటి. విసుగు. చివరికి మెల్లిగా స్తంభాల పైన శిల్పాలు తేలాయి, ద్రాక్షగంప మోస్తున్న నడుము వంగిన మనిషి, వాడి వెనక ఒక కుక్క. వాటికంటే ఆయన శ్రద్ధగా చూపించినవి గోడరాళ్ళ మీద గీతలు. ప్రతి రాయి చెక్కినవాడూ తన గుర్తు ఒకటి గీశాడట. "ఇదే మొదటి క్వాలిటీ రికార్డ్. తప్పొస్తే ఎవరిదో తెలుస్తుంది" అని రాతిని నిమిరారు. అంతటి పవిత్రస్థలంలో తనిఖీ గురించి ఉపన్యాసం ఇవ్వగలిగిన ఏకైక వ్యక్తి ఆయనే.

మూడోరోజు ముందు నడిచే బాధ్యత నాకప్పగించారు. అక్కడ నడకదారుల్లో చెట్లమీద, రాళ్ళమీద పసుపు గీత, ఎర్ర గీత పక్కపక్కన వేసి ఉంటాయి. గడపకు పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టే ఇంట్లో పుట్టినదాన్ని, నాకవి చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఒకచోట ఆ రెండు గీతలూ ఒకదాన్నొకటి అడ్డంగా కోస్తూ కనిపించాయి. ఇక్కడేదో విశేషం ఉండే ఉంటుందని, చెట్టుకు దణ్ణం కూడా పెట్టుకుని, అందర్నీ అటే తీసుకెళ్ళాను. గంట నడిచాక ముళ్ళకంచె, దాని వెనక అక్రోటు తోట, రెండు కుక్కలు. అడ్డంగా గీస్తే ఇటు పోకండి అని అర్థమట! ఆయన అంతసేపూ నా వెనకే నడిచారు. ఉడికిపోయి, తెలిసి కూడా ఎందుకు చెప్పలేదని నిలదీశాను. "చెబితే వింటావు, అంతే. ఇప్పుడిక జన్మలో మర్చిపోవు" అన్నారు. నిజమే, మర్చిపోలేదు. కానీ ఆ పద్ధతి మీద నాకు అప్పుడూ మంటే, ఇప్పుడూ మంటే.

నాలుగోరోజు ఏటికి ఆవల కొండమీది శిథిలకోటకు ఎక్కాలి. నాకు ఆఫీసు మీటింగ్ వచ్చిపడింది. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, వాళ్ళు వెళ్ళడం కిటికీలోంచి చూశాను. వచ్చే ఏడు తప్పకుండా వస్తానన్నాను. ఆ మాట ఏడేళ్ళు అన్నాను.

ఆ ఊరి చుట్టూ ఉన్న పన్నెండు దారుల మీద ఆయన తెలుగులో ఒక పుస్తకం రాస్తున్న సంగతి మనలో చాలామందికి తెలుసు. ఆ ఊరికి తెలుగువాళ్ళు ఎవరు పోతారని నవ్వినవాళ్ళూ మనలోనే ఉన్నారు. ఆయన నియమం ఒకటే. "ఎక్కేవాడికి కొండ కనబడుతుంది, దిగేవాడికి ఊరు కనబడుతుంది. రెండు వైపులా నడవకుండా ఒక్క ముక్క రాయకూడదు." ఆయన చేతిరాతను టైప్ చేసే పని నాది. నాలుగేళ్ళలో పదకొండు దారులయ్యాయి. పన్నెండోది కోటదారి. అడిగినప్పుడల్లా "అది ఇంకా కాలేదమ్మా" అనేవారు. వేసవి తరవాత వేసవి వెళ్ళొస్తారు, అదే జవాబు. మొన్న వసంతంలో ఓర్పు నశించి, వాళ్ళింట్లోనే, ఆంటీ ఎదుటే అనేశాను: "అంకుల్, ఈ పుస్తకం మీ జన్మలో రాదు."

ఆయన నవ్వి, కాఫీ తాగమన్నారు.

కర్మకాండ ముగియకముందే మన తెలుగు సంఘం పెద్దలు ఫోన్ చేశారు. సంస్మరణ సభకల్లా పుస్తకం అచ్చువేయాలట. కోట అధ్యాయం నెట్‌లో దొరికే సమాచారంతో నాలుగు పేజీలు నింపేస్తే చాలట, ఎవరు చూడొచ్చారట! నాకు ఒళ్ళు మండిపోయింది. మిల్లీమీటరులో పదోవంతు తేడా ఉన్నా కారు తలుపును వెనక్కి పంపిన మనిషి పేరు మీద, రాసేవాళ్ళు నడవని దారి రాయడమా? ఏదైనా ఆంటీతో మాట్లాడాకే అని ఫోన్ పెట్టేశాను.

ఆ శనివారం వెళ్ళాను. ఆంటీ ఆయన ఫైలు తెచ్చి నా ముందు పెట్టింది. పదకొండు అధ్యాయాలకూ శీర్షిక కింద ఆయన పేరుంది. పన్నెండో కాగితం మీద "కోటదారి" అని శీర్షిక, దాని కింద నా పేరు, స్వరూప అని. మిగతా కాగితమంతా ఖాళీ.

నాకు అర్థం కాలేదు. ఆ ఏడు తరవాత అంకుల్‌కి మళ్ళీ కోట ఎక్కడం కుదరలేదా అని అడిగాను.

"కుదరకపోవడమేంటమ్మా, ప్రతి ఏడూ ఎక్కారు. నేనే కింద వంతెన దగ్గర కూర్చునేదాన్ని" అంది ఆంటీ. "అది నీకని వదిలేశారు."

"మరి నాకో మాట చెప్పొచ్చు కదా ఆంటీ?"

"నేనూ అదే అన్నాను. చెబితే ఆ పిల్ల నాకోసం లీవ్ పెట్టుకుని వస్తుంది, తనకోసం రావాలి కదా అన్నారు."

ఫ్యాక్టరీలోనూ ఇదే పద్ధతి. లోపం ఫలానావాడు పట్టుకోవాలని అనుకుంటే రిపోర్టులో ఆ గడి ఖాళీగా వదిలేవారు. నోటితో చెప్పేవారు కాదు. మేం వారాల తరబడి తిట్టుకుని, చివరికి మేమే వెళ్ళి నింపేవాళ్ళం. పద్నాలుగేళ్ళు ఆ గడులు నింపినదాన్ని, నా ఎదుటే నాలుగేళ్ళు ఖాళీగా ఉన్న ఒక్క గడిని గుర్తుపట్టలేకపోయాను. పైగా ఆలస్యమంతా ఆయనదేనని ఊరంతా చాటాను. అదీ నా తెలివి.

ఎంత స్థితప్రజ్ఞులైనా, ఎంత ఆచార్యులైనా, మనిషికి ఇంత మొండితనం ఉండకూడదు చయనులు గారూ. నేను మందబుద్ధినని మీకు తెలుసు. ఒక్కసారి నోరు విప్పి "స్వరూపా, నువ్వు రా" అని ఉంటే, ఉద్యోగం పోయినా వచ్చి ఉండేదాన్ని కదా.

సంఘానికి కబురు చేశాను, పుస్తకం సభకు రాదని. వాళ్ళకు కోపం వచ్చింది, రానివ్వండి. లీవ్ అప్లై చేశాను. ఈ వేసవిలో ఆంటీ, నేను వెళ్తున్నాం. కోట ఎక్కుతాను, దిగుతాను, రాస్తాను. పుస్తకం వస్తుంది. అటువంటి గురువు, అంత నిశితమైన చూపు, అంత నిష్కామమైన ఓర్పు మనకు మళ్ళీ దొరకవని చెప్పడానికి నాకు సంస్కృత సమాసాలు అక్కర్లేదు. ఆయన పాదాలకు నమస్కరిస్తున్నాను. నేనన్న మాటే నిజమైంది. ఆ పుస్తకం ఆయన జన్మలో రాలేదు. రాకుండా ఆపింది నేను.